పక్షానికి పదిహేను గీతలు

కంప్యూటరు నాకు చూపించిన చివరి తేదీ ఇంకా రాలేదు. అది ఆగస్టు నెల. గుడివాడలో మా కాలేజీ ల్యాబులో కూర్చుని ఉన్నాను. తెర మీద వరస చివరన సెప్టెంబరు తేదీ ఒకటి కనిపిస్తోంది. నాగాయలంక అవతల, మురుగు కాలవ సముద్రంలో కలిసే గేటు దగ్గర, నీళ్ళలో ఉప్పు ఎంతుందో కొలిచి రాసిన తేదీ అది. రాని రోజున ఉప్పు కొలిచిన ఆ మహానుభావుడు ఎవరయ్యా అంటే, నేను నోరారా బాబాయ్ అని పిలిచిన మనిషే.

కోపం నషాళానికంటింది. ఇరవై రోజుల నుంచి కళ్ళు కాయలు కాసేలా ఆ అంకెలు కొడుతున్నాను. ముసలాడు ఇంట్లో కూర్చుని తోచినవన్నీ రాసిపారేశాడని, పైగా ఇంకా రాని రోజులకీ ముందే రాసి పెట్టుకున్నాడని అనుకున్నాను. నా కోపం గురించి మా ఇంట్లోవాళ్ళని అడిగితే చెప్తారు. అది ముందొస్తుంది, బుద్ధి వెనకాల బస్సులో వస్తుంది. ఆ రోజు బస్సు బాగా ఆలస్యమైంది.

ఇదంతా రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగింది. నేను గుడివాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. పార్ట్‌టైమ్. ఎం.ఫిల్. ఉంటేనే పర్మినెంటు చేస్తామన్నారు. దానికి డేటా కావాలి. ఎవరో ఎక్కడో ఎప్పుడో అమ్మిన సిమెంటు బస్తాల లెక్క పుస్తకంలోంచి ఎత్తి రాయడం నాకు చచ్చినా ఇష్టం లేదు. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారు బందరులో కాలవల ఆఫీసులో ఇంజనీరు. ఆయనే చెప్పారు ఈ లస్కరు సంగతి.

లస్కరంటే గేటు చూసుకునే మనిషి. సముద్రం పోటెత్తినప్పుడు షట్టర్లు దించాలి, పాటు తీసినప్పుడు ఎత్తి మురుగు నీళ్ళు వదలాలి. ఒక్క పోటు ఏమరుపాటున ఉన్నా ఉప్పునీళ్ళు ఎగదన్ని వరిచేలోకి పోతాయి. ఈయన రోజుకూలీ మీద ఉన్నాడు. ఎప్పుడో ఒక ఆఫీసరొచ్చి రోజూ ఉప్పు ఎంతుందో చూసి రాయమన్నాడట. ఆ ఆఫీసరు బదిలీ అయిపోయాడు, ఆఫీసు ఆ మాటే మర్చిపోయింది, ఈయన మాత్రం రాస్తూనే ఉన్నాడు. రొయ్యల చెరువులవాళ్ళు ఇచ్చిన గొట్టమొకటి ఉంది. దాని అద్దం మీద రెండు చుక్కలు నీళ్ళేసి, వెలుతురుకేసి పట్టి చూస్తే అంకె కనిపిస్తుంది. తొమ్మిదేళ్ళు దాటింది, పది పుస్తకాలయ్యాయి.

"రోజుకూలీ వాళ్ళని పర్మినెంటు చేస్తున్నారండీ," అన్నారు ఇంజనీరుగారు. "ఇన్నేళ్ళూ డ్యూటీలో ఉన్నట్టు రుజువు చూపించాలి. ఆయన హాజరు మస్టర్లు చెదలు తినేశాయి. ఇక మిగిలింది ఆ పుస్తకాలే. మీరు వాటిని చక్కగా గ్రాఫు గీసి ఇచ్చారనుకోండి, ఫైలుకి పెట్టి పంపిస్తాను. మీ పనీ అవుతుంది, ఆయన పనీ అవుతుంది. వచ్చే ఏడాదికి ఆయనకి వయసు దాటిపోతుంది మేడమ్. ఇదే ఆఖరు."

అంత తేటగా చెప్పారు. ఒక మనిషి ఉద్యోగం నా చేతిలో పెడుతున్నారని నాకు ఆ రోజే తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించను.

జూలైలో వెళ్ళాను. గుడివాడలో బస్సెక్కి, బందరులో మారి, అవనిగడ్డలో మళ్ళీ మారి, నాగాయలంకలో దిగి, అక్కడి నుంచి గట్టు మీద ఎవరిదో స్కూటరు వెనకాల. చేరేసరికి ఒళ్ళు హూనమైపోయింది. ఆయన గేటు గది ముందు నిలబడి ఉన్నాడు. సన్నగా, నల్లగా ఉన్నాడు, చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి. ఆయన భార్య చల్ల తెచ్చి ఇచ్చింది. నేను వచ్చీరాగానే బాబాయ్, పిన్నీ అని వరసలు కలిపేశాను. ఆ విద్య మాకు పుట్టుకతోనే వస్తుంది.

పుస్తకాలు చూసి ముచ్చటేసింది. అన్నీ పొడుగు పుస్తకాలు, ప్రతిదాని అట్ట మూలలకీ పసుపు రాసి ఉంది. ఉగాది రోజున కొత్త పుస్తకం మొదలుపెట్టి, ఆ ఏడాదికి సరిపడా పేజీలన్నీ ఒకేసారి స్కేలు పెట్టి గీసుకుంటాడట. పక్షానికి ఒక పేజీ, పేజీకి పదిహేను గీతలు. ప్రతి గీత మొదట్లో పాడ్యమి, విదియ, తదియ అని వరసగా పౌర్ణమి దాకానో అమావాస్య దాకానో ముందే రాసి ఉంటుంది. రోజూ ఆ గీత మీద ఉప్పు అంకె వేయడమే పని.

"ఇంగ్లీషు తేదీలు వేయలేదేం బాబాయ్?" అన్నాను.

"సముద్రానికి ఇంగ్లీషు తేదీతో పనేవుందమ్మా?" అని నవ్వాడు. "దానికి తెలిసింది అమాస, పున్నం. అప్పుడు పోటు పెద్దది, ఉప్పు ఎక్కువ. అష్టమికి తగ్గిపోద్ది. దాని లెక్కలోనే మనం రాసుకుంటే రేపేం చేసిద్దో ఇయ్యాలే తెలిసిపోద్ది."

నాకా మాట ఎంత నచ్చిందంటే, దాన్ని నా థీసిస్ ముందు పేజీలో వేద్దామనుకున్నాను. మొదటి పుస్తకం మొదలైన ఉగాది ఏ తేదీనో ఒక్కటే అడిగి రాసుకున్నాను. నా బుర్రకి తట్టిన ప్రశ్న అదొక్కటే.

పదో పుస్తకం కూడా ఇచ్చేశాడు. నేను తిరిగి ఇచ్చేదాకా విడి కాగితాల మీద రాసుకుంటానన్నాడు. ఆవిడ ఆ పుస్తకాలన్నీ ఒక పాతచీర ముక్కలో మూటకట్టి, నా చేతిలో పెట్టి వెంటనే వదల్లేదు. "జాగర్తమ్మా. మాకింకేం కాయితాల్లేవు," అంది. "పిన్నీ, నా ప్రాణంలా చూసుకుంటాను," అన్నాను.

ఇక ల్యాబులో కూర్చున్నాను. క్లాసులయ్యాక మూడింటి నుంచి ఆరింటి దాకా, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదలు. మేం వాడే సాఫ్ట్‌వేరుకి ఒక సుఖం ఉంది. మొదటి తేదీ ఒక్కటి చెప్పి, ఇది రోజువారీ డేటా అని చెప్తే చాలు, మిగతా తేదీలన్నీ అదే వరసగా వేసుకుపోతుంది. దాన్ని ఇండెక్స్ అంటాం. ప్రతి అంకె మెడలోనూ నువ్వు ఫలానా రోజుదానివి అని బిళ్ళ కట్టడమన్నమాట. బిళ్ళ తప్పు కడితే అంకె ఎంత నిజమైనదైనా అబద్ధమైపోతుంది. ఈ మాట నేను క్లాసులో పిల్లలకి బోర్డు అరిగిపోయేలా చెప్పేదాన్ని.

పేజీకి పదిహేను గీతలు, కాబట్టి పదిహేను రోజులు. పక్షం రోజులంటే పదిహేను రోజులని తెలుగు పుటక పుట్టినవాళ్ళెవరిని అడిగినా చెప్తారు. అక్కడక్కడ ఒక గీత మీద అంకె లేదు, చిన్న అడ్డగీత ఉంది. ఆ రోజు నాగా పెట్టాడు కాబోలు అనుకుని ఖాళీ వదిలాను. కొన్ని గీతల మీద రెండు అంకెలున్నాయి. పొద్దునొకటి సాయంత్రమొకటి చూసి ఉంటాడని, రెండిటికీ సగటు కట్టి ఒకటి వేశాను. ఎంత తెలివి! అట్లా రెండు వందల ముప్పై చిల్లర పేజీలు కొట్టుకుంటూ పోయాను. మధ్యలో మూడు చోట్ల ఆయనే స్పష్టంగా "నాగా" అని రాసి ఉంది. ఒకచోట పక్కనే "అమ్మ పోయింది" అని కూడా ఉంది. నిజంగా రాని రోజు నాగా అని రాసే మనిషి మిగతాచోట్ల ఒట్టి గీత ఎందుకు గీస్తాడని నాకు తట్టి చావలేదు.

ఆఖరి అంకె కొట్టి, చివరి తేదీ చూసేసరికి సెప్టెంబరు.

ప్లాట్ వేయించి చూస్తే అది ఇంకా అధ్వాన్నంగా ఉంది. మొదటి రెండేళ్ళూ బాగానే ఉంది, మే నెలలో ఉప్పు కొండలా లేస్తోంది. తర్వాత్తర్వాత ఆ కొండ ఏటేటా కుడివైపుకి జరుగుతోంది. చివరికొచ్చేసరికి జూలైలో నిలబడింది. వానలు పడి కాలవలు నిండే జూలైలో ఉప్పెక్కడిది? అమావాస్య పోటు లెక్క ప్రకారం చూద్దామంటే అదీ కుదరడం లేదు. మధ్య మధ్య వందకి పైగా ఖాళీలు.

అడుగుదామనిపించలేదా అంటే, అనిపించింది. కానీ మూడు బస్సులు మారాలి. కోపంతో ఉన్న మనిషికి న్యాయం తన వైపే ఉన్నట్టు ఉంటుంది. మర్నాడు సెలవు పెట్టి సరాసరి బందరు వెళ్ళి, ఆ ప్రింటవుటు ఇంజనీరుగారి బల్ల మీద పరిచాను.

ఆయన చివరి తేదీ మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. "ఇదేంటండీ, ఇంకా రాని తేదీ కదా ఇది."

"అదేనండీ నేను చెప్పేది," అన్నాను.

"ఓరి వీడి దుంప తెగ. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! రోజు ఇంకా పుట్టనేలేదు, ఉప్పు రాసేశాడు!" అని నవ్వారు. తర్వాత నవ్వాపి, పర్మినెంటు చేసేవాళ్ళ లిస్టు తీసి, బాబాయ్ పేరు మీద ఎర్రపెన్నుతో గీత గీశారు. "మీరు చూడబట్టి సరిపోయింది మేడమ్. ఇది పై ఆఫీసుకి పోయి అక్కడ బయటపడితే నా మెడకి చుట్టుకునేది."

నాకు టీ తెప్పించారు. తాగాను. బస్టాండులో హల్వా అరకిలో కొనుక్కుని బస్సెక్కాను. ఇది కూడా రాయాలి కదా.

నాలుగు రోజుల తర్వాత బుధవారం పొద్దున, కాలేజీకి తయారవుతుంటే మా ఇంటిగలావిడ మెట్ల దగ్గర ఆపింది. ఆవిడకి ఉపవాసాలెక్కువ, ఆకలీ ఎక్కువే.

"ఏమ్మా, లెక్కల టీచరమ్మవి కదా, నువ్వు చెప్పు. నిన్న ఏకాదశని రోజంతా కడుపు మాడ్చుకున్నానా, ఇవాళ కూడా ఏకాదశేట! పంచాంగంలో రెండు రోజులూ అదే తిథి వేశాడు. మళ్ళీ ఉపవాసం ఉండి చావాలా?"

"రెండు రోజులు ఎట్లా ఉంటుందండీ?" అన్నాను.

"అయ్యో రాత, అది కూడా తెలీదూ? తిథి పెరిగితే రెండు పొద్దులు తగులుతుంది. తగ్గితే అసలు ఒక్క పొద్దూ తగలదు. మొన్న పక్షంలో చూడు, చవితే లేదు. తదియ నుంచి పంచమికి దూకేసింది. పక్షమంటే పదిహేను రోజులని పేరేగానీ, పధ్నాలుగే వస్తాయి చాలాసార్లు."

నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆవిడ ఏమైందమ్మా, ఏమైందమ్మా అంటూనే ఉంది. రెండు అంకెలున్న గీతలు కళ్ళముందు తిరుగుతున్నాయి. అవి పొద్దునా సాయంత్రమూ కావు. ఒకే తిథి రెండు రోజులుంటే ఆ రెండు రోజులవీ. అడ్డగీతలు నాగాలు కావు. ఆ తిథి లోకంలోనే లేదు, ఆ గీత మీద రాయడానికి రోజే లేదు. గదిలోకి పరిగెత్తి మూట విప్పి, మొన్నటి జూలై దాకా ఉన్న పేజీలని గోడ మీది క్యాలెండరు పక్కన పెట్టి చూశాను. పొల్లు పోకుండా సరిపోతోంది. ముప్పై తిథులు ఇరవై తొమ్మిదిన్నర రోజుల్లో అయిపోతాయి. నెలకి అర రోజు చొప్పున నేను దొంగ రోజులు కలుపుకుంటూ పోయాను. తొమ్మిదేళ్ళకీ కలిపి దాదాపు రెండు నెలలు. రాని తేదీలు ఆయన రాయలేదు. నేను పుట్టించాను.

కొంప ముంచాను భగవంతుడా అని తలబాదుకున్నాను. నిజంగానే బాదుకున్నాను.

కాలేజీ ఎదురుగా ఎస్టీడీ బూతు నుంచి బందరు ఫోన్ చేశాను. మాటలు తడబడ్డాయి. తిథులు, వృద్ధి, క్షయం అంటుంటే ఇంజనీరుగారు, "మేడమ్, మేడమ్, ఫోన్లో పంచాంగశ్రవణం చేస్తే నాకేం అర్థమవుతుంది? లిస్టు సోమవారం పోతుంది. ఈలోపు ఏదన్నా ఉంటే కాగితం మీద తీసుకురండి," అన్నారు.

గురువారం మళ్ళీ మూడు బస్సులు. పాత తేదీలు ఖచ్చితంగా తేలాలంటే అన్నేళ్ళ పంచాంగాలూ కావాలి. అవి ఎవరి దగ్గరుంటాయో చెప్పనక్కర్లేదు.

ఆయన గేటు గదిలో లేడు. ఎదురుగా గట్టు మీద, జమ్ము గడ్డి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. గేటు దగ్గర వేరే మనిషెవరో షట్టరు తిప్పుతున్నాడు. నన్ను చూసి ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి నేను చచ్చిపోయాను.

"రామ్మా. మొన్న ఆఫీసోళ్ళొచ్చి తాళం తీసేసుకున్నారు. ఎందుకో చెప్పలా. మీ గ్రాఫొచ్చిందంటే అన్నీ సర్దుకుంటాయిలే అని ఇంట్లో దానికి చెప్తన్నా."

"బాబాయ్, పంచాంగాలు కావాలి," అన్నాను అంతే. ఎందుకని కూడా ఆయన అడగలేదు. ఇంటికెళ్ళి రేకుపెట్టెలోంచి తాడు కట్టిన కట్ట తెచ్చాడు. పది పంచాంగాలు. ప్రతి పేజీలో తిథి పక్కన ఇంగ్లీషు తేదీ అచ్చేసి ఉంది. "తిథి లేని రోజున అడ్డగీత పెట్టా, చూశారుగా? అది నాగా అనుకునేరు," అన్నాడు.

"లేదు బాబాయ్," అన్నాను.

శుక్ర, శని, ఆది. ప్రిన్సిపాల్ గారిని బతిమాలి ల్యాబు తాళం తీసుకున్నాను. ఒక్కో పేజీ పంచాంగంతో సరిచూసి, లేని తిథుల వరసలు తీసేసి, సగటు కట్టిన చోటల్లా రెండు అంకెలూ విడివిడిగా మళ్ళీ కొట్టి, ప్రతి అంకెకీ దాని రోజు దానికి కట్టాను. ఈసారి సాఫ్ట్‌వేరుని తేదీలు వేసుకోనివ్వలేదు. అన్నం తినబుద్ధి కాలేదు. డబ్బాలో హల్వా చీమలు పట్టింది, పారేశాను.

ఆదివారం మధ్యాహ్నం చివరి అంకెకి చివరి తేదీ కట్టాను. అది జూలైలో, నేను ఆయన ముందు చల్ల తాగి పుస్తకాలు మూట కట్టించుకున్న రోజు. ఆ పొద్దుటి పోటుకి చూసిన ఉప్పు అది. ఒక్క రోజు అటూ ఇటూ లేదు.

ప్లాట్ వేశాను. పది వేసవులూ వచ్చి వాటి చోట్లో అవి నిలబడ్డాయి. ప్రతి అమావాస్యకీ పున్నానికీ చిన్న కెరటం లేచి అష్టమికి దిగుతోంది. వరద నెలల్లో సున్న. మొత్తం మీద మూడే మూడు ఖాళీలు, ఆయన నాగా అని రాసినవే. నా సర్వీసులో అంత శుభ్రమైన డేటా మళ్ళీ చూడలేదు. కీబోర్డు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

సోమవారం ఆఫీసు తెరవకముందే బందరులో ఉన్నాను. ఇంజనీరుగారు ఓపిగ్గా విన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. పాత ప్రింటు తీసి కొత్తదాని పక్కన పెట్టుకుని అటూ ఇటూ చూశారు.

"ఇప్పుడు నా దగ్గర రెండు గ్రాఫులున్నాయండీ. రెండూ అవే పుస్తకాల్లోంచి వచ్చినవి. రెండూ మీరే ఇచ్చారు. ఒకటి మనిషి దొంగంటుంది, ఇంకోటి హరిశ్చంద్రుడంటుంది. ఏది నిజమని సంతకం పెట్టమంటారు?"

"ఇదేనండీ నిజం. తప్పు నాది. రాసిస్తాను."

"మొదటిదాన్ని కూడా ఇంత గట్టిగానే చెప్పారు కదమ్మా," అన్నారు. మేడమ్ పోయి అమ్మా అయింది. "మొన్ననే పై ఆఫీసుకి ఫోన్లో చెప్పేశాను, ఫలానా కారణం వల్ల ఈయన పేరు తీస్తున్నానని. ఇవాళ మళ్ళీ కలిపితే ఎంత ముట్టిందని అడుగుతారు నన్ను. వాళ్ళకి తిథులు నేను చెప్పలేను."

కాళ్ళావేళ్ళా పడ్డానంటే అతిశయోక్తి కాదు. చేతులు జోడించాను, ఏడ్చాను, బయట గుమాస్తాలు తలలు పెట్టి చూశారు. చేతులు కాలాక ఆకులు ఎన్ని పట్టుకుంటే ఏం లాభం? పదకొండింటికి లిస్టు కవర్లో పెట్టి అంటించారు. నేను చూస్తుండగానే.

అక్కణ్ణించి నాగాయలంక వెళ్ళాలి. వెళ్ళలేదు. గుడివాడ బస్సెక్కాను. రేపు, ఎల్లుండి, ఆదివారం అనుకుంటూ నెల గడిపాను. మొహం చెల్లలేదు. ఈలోగా థీసిస్ ఇచ్చేశాను. ఆ డేటాతోనే, ఆ గ్రాఫుతోనే. గైడుగారు చాలా మెచ్చుకున్నారు. దాంతోనే నాకు ఎం.ఫిల్. వచ్చింది, దాంతోనే ఉద్యోగం ఖాయమైంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.

నెల తర్వాత పుస్తకాలూ పంచాంగాలూ మూటలో పెట్టుకుని, గ్రాఫు గొట్టంలా చుట్టుకుని వెళ్ళాను. వాళ్ళు గేటు కనిపించేలా ఉన్న తమ ఇంటి అరుగు మీద ఉన్నారు. ఆయన వల అల్లుతున్నాడు, ఆవిడ చేపలు ఎండబెడుతోంది. ఆవిడ నన్ను కూర్చోమనలేదు. అంటే ఆఫీసు నుంచి తెలిసిపోయిందన్నమాట.

నిలబడే చెప్పాను, మొదటినుంచీ. పదిహేను గీతలంటే పదిహేను రోజులనుకున్నానని, చివరి తేదీ చూసి కోపమొచ్చిందని, ఆ కోపంతోనే బందరు వెళ్ళానని. హల్వా సంగతి చెప్పలేదు. ఆయన వింటున్నంతసేపూ వల ముడులు వేస్తూనే ఉన్నాడు. ఆవిడ మాత్రం చేపలు వదిలేసి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"బందరు దాకా పోయినదానివి, ఇంకో రెండు బస్సులెక్కి ఇక్కడిదాకా వచ్చి, ఏంటి బాబాయ్ ఇది అని ఒక్క మాట అడిగితే పోయేది కదమ్మా," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోనీలేవే," అన్నాడాయన. "ఏదమ్మా, గ్రాఫు చూపించు."

అరుగు మీద పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాం. ఆయన వంగి, చూపుడువేలు గీత మీద పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. నేనేం చెప్పనక్కర్లేకపోయింది. "ఇది కాలవకి నీళ్ళొదలని ఏడు. ఇది తుఫాను, షట్టరు మీంచి దాటింది. ఇదిగో, ఇక్కడ మా అమ్మ పోయింది," అంటూ ఒక్కొక్కటే గుర్తుపట్టాడు. ఖాళీ దగ్గర వేలు కాసేపు ఆగింది. "ఇదంతా నేను రాసిందేనా?" అని నవ్వాడు కూడా. చివరికొచ్చేసరికి, గీత ఆగిన చోట, కాగితం చాలా మిగిలి ఉంది.

పెన్ను తీసి, "గోడకి పెట్టుకుంటా. ఇయ్యాల్టి రోజు వేసివ్వమ్మా," అన్నాడు. నేను తేదీ వేశాను. "తిథి?" అన్నాడు. అన్ని వేల తిథులు చేత్తో సరిచూసిన దాన్ని, ఆ రోజు తిథేంటో నాకు తెలియదు.

"నవమి. రేపు కూడా నవమే," అన్నాడు. అని అలవాటు కొద్దీ మూట విప్పి, పదో పుస్తకం తీసి, ఆ పక్షం పేజీ తిప్పాడు. ఉగాది నాడు గీసుకున్న గీతలు, ఉగాది నాడు రాసుకున్న తిథుల పేర్లు అట్లాగే ఉన్నాయి. నవమి గీత మీద పెన్ను పెట్టి, తలెత్తి గేటు వైపు చూశాడు. అక్కడ ఆ కొత్త మనిషి షట్టరు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు.

బాబాయ్ ఆ గీత మీద "నాగా" అని రాశాడు. పక్కనే, రేపటికి, మళ్ళీ "నాగా" అని రాశాడు. ఆ పది పుస్తకాల్లో రాని రోజుకి ఆయన ముందుగా రాసింది ఆ ఒక్కటే.